కేమన్ జీటీఎస్ 4.0, కార్వెట్ సీ8, బీఎండబ్ల్యూ ఎం2: నడపడానికి ఏది, అమ్మడానికి ఏది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఉండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. ఇద్దరు చిన్నపిల్లలు, ఇంటి పనులకు ఎస్‌యూవీ ఉంది. 90 వేల డాలర్లలోపు ఒక స్పోర్ట్స్ కారు కొనుక్కోవాలి. వారాంతాల్లో నడపాలి, నాలుగైదేళ్లు ఉంచుకోవాలి, అమ్మేటప్పుడు ఎక్కువ పోగొట్టుకోకూడదు. పోర్షే 718 కేమన్ జీటీఎస్ 4.0, షెవర్లే కార్వెట్ సీ8, బీఎండబ్ల్యూ ఎం2, ఈ మూడింట్లో ఏది?

ముందు జవాబు చెప్పేస్తాను. మాన్యువల్ గేరున్న వాడిన కేమన్ జీటీఎస్ 4.0 కొనండి. వెనక సీట్లు లేకపోతే ఇంట్లో ఒప్పుకోరంటే మాన్యువల్ ఎం2. నెలకోసారి హ్యూస్టన్‌కో శాన్ ఆంటోనియోకో హాయిగా వెళ్లి రావడమే మీ సరదా అయితే కార్వెట్. అదీ కొత్తది కాదు, ఇంకొకరు మూడేళ్లు వాడి దాని తొలి ధర కరిగించేసినది.

నా సంగతి కొంచెం చెబితే, పై మాటలకు ఎంత విలువ ఇవ్వాలో మీకు తెలుస్తుంది. నేను ఆస్టిన్‌లో ఉంటాను. ఉద్యోగం అందరిలాగే సాఫ్ట్‌వేర్, పిచ్చి మాత్రం ఇది. సీ8 ఏడాదిన్నర నా దగ్గర ఉంది, జీటీఎస్ ఇప్పటికీ ఉంది. ఎం2 నాది కాదు, వరసకు బావమరిది అయ్యే ఒకతనిది. కానీ అతను ఇండియా వెళ్లినప్పుడల్లా దాని తాళాలు నా దగ్గరే ఉంటాయి. ట్రాక్ మీద సర్క్యూట్ ఆఫ్ ది అమెరికాస్‌లోనూ, శాన్ మార్కస్‌లోని హ్యారిస్ హిల్‌లోనూ తిరిగాను. వాడిన బండి కొనేవాళ్లకు తోడుగా చెకింగ్‌కి వెళ్లడం నాకు ఆదివారం కాలక్షేపం.

వేగం వేరు, మజా వేరు. కాగితం మీద చూస్తే కార్వెట్ ముందు కేమన్ నిలబడదు. సీ8లో 6.2 లీటర్ల వీ8, 490 హార్స్ పవర్. జెడ్51 అనే పెర్ఫార్మెన్స్ ప్యాకేజీతో 495, సున్నా నుంచి 60 మైళ్లకు మూడు సెకన్లలోపే వెళ్తుంది. జీటీఎస్‌లో 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, 394 హార్స్ పవర్, మాన్యువల్ అయితే అదే 60కి కంపెనీ లెక్కలోనే 4.3 సెకన్లు. పైగా 2020లో సీ8 ప్రారంభ ధర 60 వేలకు 5 డాలర్లు తక్కువైతే, జీటీఎస్ ధర 86 వేల పైనుంచి మొదలైంది. ఎక్కువ డబ్బులిచ్చి నెమ్మదైన బండి కొనడమేంటని మా నాన్న ఒకసారి అడిగారు. ఆయన ఖమ్మంలో ముప్పై ఏళ్లు స్కూటర్ నడిపిన మనిషి, ఆ ప్రశ్న న్యాయమైనదే.

నేనిచ్చిన జవాబు ఇదీ. మా ఊరి పక్కన 130 టోల్ రోడ్డు మీద కొంత దూరం 85 మైళ్ల వేగానికి అనుమతి ఉంది. అమెరికా మొత్తంలో అంతకన్నా ఎక్కువ ఎక్కడా లేదు. కాలు గట్టిగా నొక్కితే సీ8కి ఆ 85 చేరడానికి ఆరు సెకన్లు కూడా పట్టదు. ఆ తర్వాత మీకేం పని? క్రూజ్ పెట్టుకుని పాటలు వినడమే. మొదటి నెల, వీపుని సీటుకి నొక్కే ఆ తోపు ఒళ్లు జలదరించేలా ఉంటుంది. ఆరో నెలకి అలవాటైపోతుంది. మన ఒంటికి తోపు త్వరగా పాతబడుతుంది, చేతులకీ కాళ్లకీ దొరికే పని అంత త్వరగా పాతబడదు.

ఆ పని ఎక్కువ ఇచ్చే బండి కేమన్. ఇంజిన్‌కి టర్బో లేదు కాబట్టి కాలు ఎంత కదిలితే బండి అంతే కదులుతుంది, మధ్యలో ఎదురుచూపు లేదు. 7,800 ఆర్‌పీఎం దాకా వెళ్తుంది, ఐదు వేలు దాటాక గొంతు మారుతుంది. క్లచ్ బరువుగా ఉండదు, గేరు లీవర్ తక్కువ దూరం కదిలి టక్కున పడుతుంది. బరువు సుమారు 3,200 పౌండ్లు, కార్వెట్‌ది 3,600 పైన, ఎం2ది 3,800 దాకా. రెండు మలుపులు వరసగా వచ్చే రోడ్డులో ఈ తేడా బాగా తెలుస్తుంది. మొదటి మలుపు నుంచి రెండో మలుపుకి బండి ఒళ్లు తిప్పుకోవడంలో కేమన్‌కి బద్ధకం లేదు.

మీరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మారుతీ 800 మీద డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లైతే ఒక్క మాట. అక్కడ ఎడమ చేత్తో గేరు వేశాం, ఇక్కడ కుడి చెయ్యి. వారం రోజులు తలుపు హ్యాండిల్ వెతుక్కుంటారు. తర్వాత ఇరవై ఏళ్ల ఆటోమేటిక్ మత్తు వదిలి, కాలేజీ రోజుల్లో ఘాట్ రోడ్డు ఎక్కిన సంగతి కాలికి గుర్తొస్తుంది.

జీటీఎస్‌లో లోపాలు లేవా అంటే ఒకటి ఉంది, అందరికీ తెలిసిందే. గేర్లు మరీ పొడుగు. రెండో గేరులో చివరిదాకా లాగితే దాదాపు 80 మైళ్లు వచ్చేస్తుంది, మూడో గేరులో అలా చేస్తే 110 దాటుతుంది, అంటే పోలీసుతో పరిచయమే. కాబట్టి ఆ ఇంజిన్ పైగొంతు పూర్తిగా వినేది రోడ్డు మీద రెండో గేరులో మాత్రమే. ఈ లోపం తెలిసే కొన్నాను, ఇప్పటికీ అప్పుడప్పుడు విసుగొస్తుంది. పీడీకే అనే పోర్షే ఆటోమేటిక్‌లో ఏడు గేర్లున్నాయి, కింది గేర్లు కాస్త దగ్గరగా ఉంటాయి. ట్రాక్ మీద గడియారంతో పోటీ పడేవాళ్లకు అదే మంచిది. వారాంతం సరదాకి మాన్యువలే.

కార్వెట్‌కి అన్యాయం చెయ్యను. రోడ్డుని బట్టి తనే సర్దుకునే మ్యాగ్నెటిక్ రైడ్ సస్పెన్షన్ ఉన్న సీ8లో ఐదు గంటలు కూర్చున్నా నడుం నొప్పి రాదు. పైకప్పు పలక చేత్తో ఊడదీసి వెనక డిక్కీలో పెట్టుకోవచ్చు, నవంబర్‌లో టెక్సస్ సాయంత్రాలకి అంతకన్నా ఏం కావాలి! ముందు భాగాన్ని పైకి లేపే లిఫ్ట్ ఉన్న బండైతే, ఏ డ్రైవ్‌వే దగ్గర లేపాలో జీపీఎస్‌తో గుర్తుపెట్టుకుని తనే లేస్తుంది. మా ఆవిడకి రెండింట్లో ఇప్పటికీ అదే ఇష్టం. వెనక డిక్కీ ఇంజిన్‌ని ఆనుకుని ఉంటుంది కాబట్టి వేడెక్కుతుంది. ఇండియన్ స్టోర్ నుంచి వచ్చేటప్పుడు కొత్తిమీర, ఫ్రోజెన్ పరోటాలు ముందు డిక్కీలోనే. అయినా దానికి మాన్యువల్ లేదు. సీ8 వచ్చిందే 8 గేర్ల డ్యూయల్ క్లచ్ ఆటోమేటిక్‌తో. గేర్లు అద్భుతంగా మారుస్తుంది, కాకపోతే మార్చేది తను, మీరు కాదు.

ఎం2 గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే దాని గురించి పెద్ద సందేహం లేదు. 3 లీటర్ల ట్విన్ టర్బో, 2023లో వచ్చినప్పుడు 453 హార్స్ పవర్, 2025 మోడల్ నుంచి 473. మాన్యువల్ దొరుకుతుంది. వెనక ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టొచ్చు, డిక్కీలో సూట్‌కేసులు పడతాయి. బలంగా, నమ్మకంగా ఉంటుంది, తడి రోడ్డు మీద తోక ఊపుతుంది. స్టీరింగ్ మాత్రం రోడ్డు కబుర్లన్నీ మీ చేతికి చెప్పదు, సారాంశమే చెప్తుంది. బావమరిది దీన్ని రోజూ ఆఫీసుకి తీసుకెళ్తాడు. ఆ పని చెయ్యమంటే మిగతా రెండూ గింజుకుంటాయి.

ఇక రీసేల్. నిజానికి మీ ప్రశ్నలో ఎక్కువ మంది పొరపాటు పడేది ఇక్కడే.

ఈ దేశంలో ఐదేళ్లలో విలువ తక్కువ పోగొట్టుకునే బండ్ల జాబితాలు ఏటా వస్తుంటాయి, వాటి పైవరుసలో పోర్షే 911, 718 ఉండటం మామూలే. కార్వెట్ కూడా స్పోర్ట్స్ కార్లలో మంచి స్థానంలోనే ఉంటుంది. అది చూసి "పోర్షే అయితే చాలు" అనుకుంటే మునిగిపోతారు. ఎందుకంటే అదే 718లో, అదే బాడీలో, ఇంజిన్ మారితే లెక్క మారిపోతుంది.

2016లో 718 పేరు వచ్చినప్పుడు పోర్షే ఆరు సిలిండర్లు తీసేసి నాలుగు సిలిండర్ల టర్బో పెట్టింది. మామూలు కేమన్‌లో 2 లీటర్లు, ఎస్‌లో 2.5 లీటర్లు, 350 హార్స్ పవర్. దానికి ముందు తరం, అంటే 981 కేమన్ ఎస్‌లో 3.4 లీటర్ల ఆరు సిలిండర్లు, 325 హార్స్ పవరే. కొత్తది బలమైనది, వేగమైనది, తక్కువ పెట్రోలు తాగేది. కానీ శబ్దం విన్నవాళ్లు మొహం ముడిచారు. చివరికి 2020లో జీటీఎస్‌కి 4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ తిరిగొచ్చింది. ఈరోజు ప్రకటనలు తెరిచి 981 ఎస్ మాన్యువల్‌నీ, దానికన్నా మూడు నాలుగేళ్లు కొత్తదైన నాలుగు సిలిండర్ల 718నీ పక్కపక్కన పెట్టి చూడండి. పాతది కొత్తదానికి తీసిపోదు, చాలాసార్లు దాటిపోతుంది కూడా. బాడీ చుట్టాలే, బ్యాడ్జీ ఒకటే. తేడా ఒక్క ఇంజిన్‌దే.

ఇదే కథ వేరేచోట్లా చూస్తాం. పాత బీఎండబ్ల్యూ ఎం3 (ఈ46 తరం)లో క్లచ్ పెడల్ లేని ఎస్‌ఎంజీ గేర్‌బాక్స్ ఆ రోజుల్లో ఆధునికం, ఈరోజు మాన్యువల్‌దే ధర. ఫెరారీ ఎఫ్430కి గేరు లీవరున్నవి చాలా తక్కువ తయారయ్యాయి, ఇప్పుడు స్టీరింగ్ వెనక ప్యాడిల్స్‌తో గేర్లు మార్చే బండి ధరకీ దాని ధరకీ పొంతనే లేదు. కొత్తగా ఉన్నప్పుడు జనం అంకెలకు డబ్బులిస్తారు. పాతబడ్డాక అంకెల్లో దాన్ని మించినవి పది వస్తాయి, అప్పుడు డబ్బులిచ్చేది మళ్లీ దొరకని అనుభూతికి. అందుకే నా లెక్కలో మజా, రీసేల్ రెండు వేరు వేరు ప్రశ్నలు కావు. వేగం, రీసేల్ మాత్రం వేరు వేరు.

నా సొంత బుద్ధితక్కువ పని ఒకటి చెప్తాను. 2009లో హోండా ఎస్2000 కొన్నాను, 2004 మోడల్, 2.2 లీటర్ల ఇంజిన్. 14 వేలకి కొని నాలుగేళ్లు హాయిగా నడిపాను. ఆ బండి తయారీ 2009లోనే ఆగిపోయింది, ఆ సంగతి నాకు తెలుసు కూడా. అయినా 2013లో కొన్న ధరకే పోయిందని సంబరపడి అమ్మేశాను, మిత్రులకి పార్టీ కూడా ఇచ్చాను. ఇప్పుడు శుభ్రంగా ఉన్న ఎస్2000కి అడుగుతున్న ధర చూసినప్పుడల్లా ఆ పార్టీ బిల్లు గుర్తొస్తుంది. 240 హార్స్ పవర్ బండి, ఈరోజు ఫ్యామిలీ కార్లు దాన్ని సిగ్నల్ దగ్గర ఓడిస్తాయి. అయినా ధర పెరిగింది. చేత్తో వేసే గేరు, పైకి పైకి పాడే ఇంజిన్, తక్కువ బరువు. మళ్లీ ఎవరూ చెయ్యలేదు.

ఇంకో వైపు, ఎన్ని తయారయ్యాయన్నది చూడాలి. కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ ప్లాంటు నుంచి 2020 మోడల్ ఏడాదికి సీ8లు 20 వేల పైచిలుకు వస్తే, 2023 మోడల్ ఏడాదికి 50 వేలు దాటాయి. అది మంచి బండి కాబట్టే అన్ని చేశారు, అన్ని చేశారు కాబట్టే వాడినవి కుప్పలుగా దొరుకుతాయి. అమ్మేటప్పుడు మీ బండి పక్కన అదే రంగు, అదే ప్యాకేజీ బండ్లు ఇంకో నలభై నిలబడి ఉంటాయి. కొనేవాడు రాజు. మీరు కొనేవాళ్లైనప్పుడు ఆ రాజు మీరే, వాడిన కార్వెట్ కొనమన్నది అందుకే.

2021, 2022 సంగతి ఎవరైనా ఉదాహరణగా చెబితే పక్కన పెట్టెయ్యండి. చిప్పుల కొరత రోజులవి. నేను 2020 డిసెంబర్‌లో స్టిక్కర్ ధరకే, అంటే కంపెనీ వేసిన ధరకే సీ8 తీసుకుని, 2022 వేసవిలో కొన్నదానికన్నా ఎక్కువకి అమ్మాను. తెలివి కాదు, గాలివాటం. అదే వేసవిలో నాకు తెలిసినాయన ఒక డీలర్ దగ్గర స్టిక్కర్ మీద 20 వేలు అదనంగా ఇచ్చి అలాంటి బండే తీసుకున్నాడు. రెండేళ్ల తర్వాత అమ్మబోతే, ఆ 20 వేలు మొదటి రోజే ఆవిరైపోయాయని తెలిసింది. బండిలో తప్పేమీ లేదు. స్టిక్కర్ మీద అదనంగా ఇచ్చే ప్రతి డాలరూ రీసేల్ లెక్కలో సున్నా అనుకోండి.

మరి 718 సంగతి ఎప్పటికీ ఇలాగే ఉంటుందా? ఉంటుందని ఒట్టేసి చెప్పను. పెట్రోల్ 718 తయారీ 2025 అక్టోబర్‌తో ఆగిపోయింది, అది ధరకి బలం. కానీ దాని స్థానంలో ఎలక్ట్రిక్ మాత్రమే అనుకున్న కంపెనీ, పై మోడళ్లకి పెట్రోల్ ఇంజిన్ కూడా ఇస్తామని 2025 సెప్టెంబర్‌లో ప్రకటించింది. అది వచ్చాక దాంట్లో టర్బో లేని ఆరు సిలిండర్లు, మాన్యువల్ ఉంటే పాత జీటీఎస్ ధర కాస్త మెత్తబడొచ్చు. అదృష్టం ఏంటంటే, అలాంటిది వచ్చినా చవకగా మాత్రం రాదు. పోర్షేకి అమెరికాలో ఫ్యాక్టరీ లేదు, వచ్చే ప్రతి బండీ దిగుమతే, సుంకాల భారం ధరలో కనిపిస్తుంది. కొత్తది ఖరీదైతే మంచి పాతదాని ధర మరీ కిందికి పడదు.

నా జీటీఎస్ లెక్క కూడా ఇక్కడే పెడతాను. 2021 మోడల్, సీ8 అమ్మిన నెలలోనే 8 వేల మైళ్లతో 97 వేలకి తీసుకున్నాను, అంటే గాలి బుడగ ధరకే. ఇప్పుడు 31 వేల మైళ్లు. మొన్న ఊరికే అడిగితే 84 వేలు ఇస్తామన్నారు. తిరిగిన 23 వేల మైళ్లకి 13 వేలు పోయినట్టు, మైలుకి 57 సెంట్లు. ఈ కాలంలో రెండు జతల వెనక టైర్లు, ఒక జత ముందు టైర్లు, ఏటా ఆయిల్, రెండేళ్లకోసారి బ్రేక్ ఫ్లూయిడ్, స్పార్క్ ప్లగ్గులు, ఇన్సూరెన్స్ కలిపితే పోయిన విలువకి దగ్గరదగ్గరగానే వచ్చింది. రీసేల్ అనేది ఖాతాలో ఒక పద్దు మాత్రమే. మిగతా పద్దులు చూడకుండా మూడు వేల రీసేల్ తేడా కోసం ఆరు నెలలు తలబద్దలు కొట్టుకునేవాళ్లని చూశాను.

ఇంకో రకం జబ్బు కూడా చూశాను. మైళ్లు పెరిగితే ధర పడిపోతుందని బండిని గ్యారేజీలో కవరేసి ఉంచడం. ఏడాదికి వెయ్యి మైళ్లు తిప్పి, రెండు వేల డాలర్లు ఎక్కువకి అమ్మి, ఏం బావుకున్నట్టు? పైగా కదలని బండికి బ్యాటరీ పోతుంది, టైర్లు గట్టిపడతాయి, సీళ్లు ఎండిపోతాయి. జీటీఎస్ మ్యూజియం బండి కాదు, అలాంటి ముచ్చట 718లోనే అన్నిటికన్నా పైదైన జీటీ4 ఆర్ఎస్‌ కొన్నవాళ్లకి వదిలెయ్యండి. ఏడాదికి ఐదారు వేల మైళ్లు నిస్సంకోచంగా తిప్పండి.

కొనేటప్పుడు ఏం చూడాలో చెప్తాను, ఇది మూడు బండ్లకీ కొంతవరకు పనికొస్తుంది.

మాన్యువల్ పోర్షే అయితే ఓవర్-రెవ్ రిపోర్టు లేకుండా డబ్బు ఇవ్వొద్దు. ఇంజిన్ కంప్యూటర్ ఏ ఆర్‌పీఎం మెట్టులో ఎన్నిసార్లు తిరిగిందో, అది ఎన్ని గంటల రన్నింగ్ దగ్గర జరిగిందో రాసిపెట్టుకుంటుంది. ఆరు మెట్లుంటాయి. కింది మెట్లలో అంకెలున్నాయంటే ఎవరో ఇంజిన్‌ని పైదాకా పాడించారంతే, భయం లేదు. పై మెట్లలో, అంటే నాలుగు నుంచి ఆరులో అంకె కనిపిస్తే, ఐదుకి వెయ్యబోయి మూడుకి వేసినవాడు ఒకడున్నాడని అర్థం. ఇంజిన్ హద్దు దాటకుండా చూసే రెవ్ లిమిటర్ దాన్ని ఆపలేదు, ఎందుకంటే ఇంజిన్‌ని తిప్పింది చక్రాలు. పోయిన ఏడాది శాన్ ఆంటోనియోలో ఒక తమ్ముడి కోసం చూసిన ఎర్ర కేమన్ అద్దంలా మెరుస్తోంది, ఒక్క గీత లేదు. రిపోర్టు తీయిస్తే ఐదో మెట్టులో అంకె ఉంది, అదీ అమ్మకానికి పెట్టడానికి కాస్త ముందు గంటల్లోనే. వెంటనే తిరుగు ప్రయాణం. మూడు నాలుగు వందల డాలర్ల తనిఖీ ఆ రోజు ఒక ఇంజిన్ ఖర్చు తప్పించింది.

వడగళ్లు. ఫ్రిస్కోలో ఉన్నారు కాబట్టి మీకు వేరే చెప్పక్కర్లేదు. డాలస్ చుట్టుపక్కల బండికి రంగు మందం కొలిచే పెయింట్ మీటర్ పెట్టి చూడండి. సాయంత్రం పూట ఏటవాలు వెలుతురులో ముందు బానెట్, పైకప్పు చూడండి. క్లెయిమ్ చెయ్యకుండా సొంత డబ్బుతో సొట్టలు తీయించుకున్నవి కార్‌ఫ్యాక్స్ అనే బండి చరిత్ర రిపోర్టులో కనపడవు.

ఎక్స్‌ట్రా ఫిటింగుల్లో అన్నిటికీ తిరిగి డబ్బు రాదు. కార్బన్ బకెట్ సీట్లు కొత్తగా ఐదారు వేలు, వాడిన మార్కెట్లో వాటి కోసమే వెతికేవాళ్లున్నారు. మీ నడుం ఒప్పుకుంటేనే సుమా, ఎక్కడం దిగడం ఒక ఆసనం. సిరామిక్ బ్రేకులు అంతకన్నా ఖరీదు, రోడ్డు మీద అవసరం లేదు, అమ్మేటప్పుడు ఎవరూ విలువ ఇవ్వరు, మార్చాల్సొస్తే కళ్లు తిరుగుతాయి. కార్వెట్‌లో జెడ్51 లేని బండి కొనకండి. పెద్ద బ్రేకులు, ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్, పెర్ఫార్మెన్స్ ఎగ్జాస్ట్ అన్నీ దాంతోనే వస్తాయి, అమ్మేటప్పుడు ముందు అడిగేదీ అదే. ఎవరో పెట్టించిన వెనక రెక్కలు, ట్యూనింగ్, నల్ల స్టిక్కర్లు ఏ బండికైనా ధర తగ్గిస్తాయి. అసలు భాగాలు అట్టపెట్టెలో ఉన్నాయా అని అడగండి.

వారంటీ సంగతి. పోర్షే సొంత వారంటీ నాలుగేళ్లు లేదా 50 వేల మైళ్లు. సర్టిఫైడ్, అంటే డీలర్ తనిఖీ చేసి కంపెనీ హామీతో అమ్మే వాడిన బండైతే అది అయిపోయాక ఇంకో రెండేళ్లు, మైళ్ల పరిమితి లేకుండా. కార్వెట్‌కి మూడేళ్లు లేదా 36 వేల మైళ్లు, ఇంజిన్, గేర్‌బాక్స్‌కి మాత్రం ఐదేళ్లు లేదా 60 వేలు. సీ8 గేర్‌బాక్స్ చిన్న షెడ్డులో విప్పి చూసే వస్తువు కాదు, కాబట్టి ఆ ఐదేళ్లలో కొంతైనా మిగిలున్న బండే తీసుకోండి. సర్టిఫైడ్ కేమన్‌కి మూడు నాలుగు వేలు ఎక్కువైనా ఇచ్చెయ్యమంటాను. వారంటీ మిగిలుండగానే మీరు అమ్మితే అందులో సగమైనా తిరిగొస్తుంది.

టెక్సస్‌లో ట్యాక్స్ తిరకాసు ఒకటుంది, చాలామంది పట్టించుకోరు. బండి మీద అమ్మకపు పన్ను 6.25 శాతం. మీ పాత బండి డీలర్‌కి ఇచ్చి కొత్తది తీసుకుంటే తేడా మీదే పన్ను కడతారు. 30 వేల విలువున్న పాత బండి ఇస్తే 1,875 డాలర్లు మిగులుతుంది. అంటే బయట మనిషి 31 వేలు ఇస్తానన్నా, డీలర్ 30 వేలిస్తే డీలరే నయం. కాలిఫోర్నియాలో ఈ వెసులుబాటు లేదు, అక్కడి మిత్రులు చెప్పే "డీలర్‌కి ఎప్పుడూ ఇవ్వొద్దు" అనే సలహా ఇక్కడ కళ్లు మూసుకుని పాటించకండి.

ట్రాక్‌కి వెళ్లాలనుంటే మామూలు ఇన్సూరెన్స్ అక్కడ పనిచెయ్యదు, రోజువారీ ట్రాక్ ఇన్సూరెన్స్ వేరే తీసుకోవాలి. తప్పకుండా వెళ్లండి. పోర్షే క్లబ్ నేర్పించే రోజుల్లో పక్కన బోధకుడు కూర్చుంటాడు, మొదటి గంటలోనే మన డ్రైవింగ్ మీద మనకున్న భ్రమలు దిగిపోతాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒక పాత మియాటాలో (మాజ్డా వాళ్ల బుల్లి స్పోర్ట్స్ కారు) వచ్చిన తాతగారు మలుపుల్లో నన్ను దాటేసి చెయ్యి ఊపారు.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ మనవాళ్లు చాలామంది అడుగుతారు: రేపు ఇండియా వెళ్లిపోతే తీసుకెళ్లొచ్చా? వద్దు, కుదరదు. వాడిన బండి దిగుమతి చెయ్యాలంటే స్టీరింగ్ కుడివైపు ఉండాలి, వయసు మూడేళ్లు దాటకూడదు. మనది ఎడమవైపు. అక్కడికే కథ అయిపోయింది. సుంకాల లెక్క, మన కాలనీల స్పీడ్ బ్రేకర్లు తర్వాత మాట.

90 వేలు అనేది జీటీఎస్‌కి అంచు మీద బడ్జెట్. 2021, 2022 మోడళ్లు, 20 నుంచి 30 వేల మైళ్లవి అయితే ఓపిగ్గా వెతికితే దొరుకుతాయి, పన్ను మాత్రం వేరే చూసుకోవాలి. అది భారం అనిపిస్తే అప్పు పెంచకండి. 981 కేమన్ జీటీఎస్ చూడండి, 3.4 లీటర్లు, 340 హార్స్ పవర్. గేర్లు అందులోనూ పొడుగే, గొంతు మాత్రం అద్భుతం, ధర ఇప్పటికే పడాల్సినంత పడి నిలబడింది. ఇంకా పాత కేమన్లలోకి దిగితే మాత్రం 2009కి ముందువాటిలో ఐఎంఎస్ బేరింగ్ గొడవ ఉంది, అది పాడైతే ఇంజినే పోవచ్చు, మొదటి స్పోర్ట్స్ కారుగా ఆ టెన్షన్ మీకొద్దు.

కొనే ముందు ఒక శనివారం ఖాళీ చేసుకోండి. టెక్సస్ హిల్ కంట్రీలో లేకీ (Leakey) ఊరి చుట్టూ 335, 336, 337 రాంచ్ రోడ్లున్నాయి, ట్విస్టెడ్ సిస్టర్స్ అంటారు. ఫ్రిస్కో నుంచి ఐదారు గంటలు. అద్దెకి సీ8 దొరుకుతుంది, తీసుకుని వెళ్లండి. 337 మీద ఒకసారి వెళ్లి రండి, వచ్చేటప్పుడు ఆస్టిన్‌లో ఆగితే నా జీటీఎస్‌లో మా ఇంటి వెనక కొండ రోడ్డు మీద ఒక చుట్టు మీరే నడపండి. మీ ఆవిడని కూడా తీసుకురండి. పక్క సీట్లో కూర్చునే మనిషి ఓటు కూడా తెలుస్తుంది, అదీగాక మావాళ్లు భోజనం చెయ్యకుండా పంపరు.

ఏదైనా బండి కంటబడితే దాని ఒరిజినల్ విండో స్టిక్కర్, ఓవర్-రెవ్ రిపోర్టు ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను. వడగళ్ల కాలం మార్చిలో మొదలవుతుంది కాబట్టి గ్యారేజీలో ఆ పాత ట్రెడ్‌మిల్, అట్టపెట్టెలు ఇప్పుడే తీసెయ్యండి.